ప్రయాణమునకు తగిన తేలిక ల్యాప్‌టాపు

సంఘకార్యములపై ఊరు విడిచి పోవువారి చేతిసంచి ఈ కాలమున మాఱిపోయినది. జమాఖర్చు పుస్తకము, సభ్యుల పట్టిక, రసీదుల కట్ట, ఉత్తరముల నకళ్లు – ఇవి యన్నియు ఒక యంత్రములోనికి చేరినవి. ఆ యంత్రము సంచిలోనికి చేరినది. 2022వ సంవత్సరము జూన్ మాసమున కేంద్రప్రభుత్వమువారు దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించిరి. ఆ పథకము సంఘము గదిలో బల్లమీద జరుగు పనికి సంబంధించినది. కాని కార్యదర్శియో డైరెక్టరో పంట అమ్మకమునకై నిజామాబాదు పసుపు యార్డునకో, గుంటూరు మిర్చి యార్డునకో, మామిడి కాలమున ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకో పోవునప్పుడు బల్లమీది యంత్రము వెంట రాదు. అట్టి ప్రయాణముల కెట్టి ల్యాప్‌టాపు కొనవలెనని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. కొనుట సభ్యుల సొమ్ముతో గనుక కొంత వివరముగనే వ్రాయుచున్నాము.

మొదట, అసలు కొనవలెనా? ఈ-నామ్‌లో ధరలు చూచుటకు, వ్యాపారితో మాటలాడుటకు, సరకు ఛాయాచిత్రము పంపుటకు చేతి ఫోను చాలును. దీర్ఘమైన లెక్కల పట్టికలను సవరించుట, టెండరు కాగితములను తయారుచేయుట, డిజిటల్ సంతకపు టోకెను పెట్టి పత్రములు దాఖలు చేయుట – ఈ పనులలో ఏదియు దారిలో చేయవలసిన యక్కఱ లేనివారు ల్యాప్‌టాపు కొనవలసిన పని లేదు. ఏడాదికి రెండు ప్రయాణములు చేయు సంఘమునకు సైతము ఇదియే మా సలహా. నెలకు రెండు మూడు మార్లు బయలుదేరువారి కొఱకే తక్కిన వ్యాసము.

వెంట తీసికొనిపోవు కంప్యూటరు అను మాటకు అర్థము నలువది యేండ్లలో ఎంత మాఱినదో చూడుడు. 1981లో అమెరికాలో విడుదలయిన ఆస్బర్న్ 1 అను యంత్రము సుమారు 11 కిలోల తూకము; దాని తెర అయిదంగుళములు; గోడ ప్లగ్గు లేనిచోట నది పనిచేయదు. అయినను దానిని మోసికొని తిరిగిన వర్తకులుండిరి. 2008 జనవరిలో యాపిల్ సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోనుండి మ్యాక్‌బుక్ ఎయిర్ అను యంత్రమును వెలికి తీసి సభకు చూపెను. దాని తూకము 1.36 కిలోలు. వింత యేమనగా, ఆస్బర్న్ యంత్రపు వెల 1,795 డాలర్లు, ఈ రెండవదాని వెల 1,799 డాలర్లు. ఇరువదియేడేండ్లలో వెల యంకె యట్లే నిలిచి, తూకము ఎనిమిదవ వంతునకు దిగినది.

మన పెద్దలు వీసె యనుచుండిన తూకము 120 తులములు, అనగా ఇంచుమించు 1.4 కిలోలు. ప్రయాణపు ల్యాప్‌టాపునకు ఈ వీసెనే మేము హద్దుగా పెట్టుకొందుము. పదునాలుగంగుళముల తెరగల మంచి యంత్రములు వీసెకు లోబడి అనేకము దొరకుచున్నవి. పదునైదున్నర యంగుళముల తెరగలవి సాధారణముగా 1.6 మొదలు 1.8 కిలోల వఱకు తూగును. ఇవి బల్లమీద నుంచుటకు బాగుగా నుండును. పదమూడంగుళములవి ఇంకను తేలిక, కాని లెక్కల పట్టికలో పది పండ్రెండు నిలువు వరుసలు చూడవలసినవారికి కన్నులు శ్రమపడును.

45 కిలోల యూరియా బస్తా నెత్తుకొను రైతునకు అరకిలో ఒక లెక్కా యని నవ్వువారు కలరు. బస్తాను ఎత్తుదుము, పది యడుగులు నడచి దింపుదుము. సంచి అట్లు కాదు. తెల్లవారుజామున బస్సెక్కినది మొదలు రాత్రి బసకు చేరు వఱకు నది ఒకే భుజమున వ్రేలాడును; అందులో ల్యాప్‌టాపుతో పాటు నీళ్ల సీసా, కాగితముల దస్త్రము, సరకు మచ్చుల పొట్లములు నుండును. బస్సులో కూర్చుండ చోటు దొరకనిచో ఆ యరకిలో ఎంతదో తెలియును.

ఇక తూకములో జరుగు మోసమును చెప్పెదము. మోసమనుట కొంచెము పెద్దమాటయేమో. కంపెనీవారు అచ్చువేయు తూకము ఒక్క యంత్రముది మాత్రమే. చార్జరు తూకము అందులో చేరదు. పాత తరహా ఇటుకవంటి చార్జరు, దాని త్రాటితో కూడ, 300 మొదలు 400 గ్రాములుండును. 1.2 కిలోల యంత్రమునకు అట్టి చార్జరు జతచేసినచో సంచిలో పడునది 1.6 కిలోలు. గాలియం నైట్రైడ్ అను పదార్థముతో చేసిన క్రొత్తరకపు 65 వాట్ల చార్జర్లు అరచేతిలో నిముడును, తూకము అందులో సగమునకు లోపు. కావున దుకాణమున అడుగవలసిన ప్రశ్న "ఈ ల్యాప్‌టాపు ఎంత తూగును" అని కాదు, "చార్జరుతో కలిపి ఎంత తూగును" అని.

తేలికదనము ఎక్కడనుండి వచ్చును? మూడు దారులు కలవు. చిన్న తెర పెట్టుట యొకటి. ఉక్కు, అల్యూమినియములకు మాఱుగా మెగ్నీషియపు మిశ్రలోహమును, కార్బన్ నారను వాడుట రెండవది. దీనికి వెల హెచ్చు. బ్యాటరీని తగ్గించుట మూడవది. దీనికి కంపెనీకి వెల లేదు, కొన్నవారికే కలదు. ఏసుస్ కంపెనీవారు 2020లో తెచ్చిన ఎక్స్‌పర్ట్‌బుక్ బీ9 అను యంత్రము దీనికి చక్కని నిదర్శనము. అది రెండు విధములుగా అమ్మబడెను. 33 వాట్‌అవర్ల బ్యాటరీతో నున్నది 900 గ్రాములకు లోపు. 66 వాట్‌అవర్ల బ్యాటరీతో నున్నది సుమారొక కిలో. ప్రకటనలలో పెద్ద యక్షరములతో కనబడునది మొదటి తూకము. నూఱు గ్రాములకు పైచిలుకు తగ్గించుటకై సగము బ్యాటరీని వదలుకొనుట ఎవరికి లాభము?

వాట్‌అవరు అను మాట క్రొత్తదిగా తోచవచ్చును గాని సంగతి మనకు పాతదే. బ్యాటరీ చెఱువు, వాట్‌అవర్లు అందులోని నీరు. యంత్రము వాడు వాట్లు తూముగుండ పోవు ధార. తెర వెలుతురును తగ్గించి లెక్కలు వ్రాసికొనునప్పుడు నేటి తేలిక యంత్రము గంటకు ఏడెనిమిది వాట్‌అవర్లు త్రాగును. తెరను పూర్తి వెలుతురున నుంచి, ఫోను నుండి ఇంటర్నెట్టు తీసికొని, ముఖాముఖి వీడియో సమావేశములో కూర్చున్నచో పండ్రెండు మొదలు పదునైదు. కాబట్టి 33 వాట్‌అవర్లు వ్రాతపనికి నాలుగున్నర గంటలు, వీడియోకు రెండున్నర గంటలు వచ్చును. 66 వాట్‌అవర్లకు అది రెట్టింపు. "పదునెనిమిది గంటలు వచ్చును" అని కంపెనీవారు వ్రాయునది ఏ ధారను లెక్కించి వ్రాసిరో మనకు తెలియదు. చెఱువులోని నీటి యంకె మాత్రము పెట్టెమీద నుండును. దానిని చూచి కొనవలెను. మా మాట 50 వాట్‌అవర్లకు తక్కువ వలదని.

చెఱువుకు పూడికవలె బ్యాటరీకి కూడ క్షయము కలదు. మూడు వందలు మొదలు అయిదువందల మార్లు పూర్తిగా నింపి ఖాళీ చేయుసరికి సాధారణముగా ఐదింట నొకవంతు శక్తి తగ్గును. ఎండలో నిలిచిన కారులో యంత్రము నుంచినచో ఇంకను త్వరగా తగ్గును. బల్లమీద ప్లగ్గునకు తగిలించియే యుంచు దినములలో నూటికి ఎనుబది వఱకే నిండునట్లు అమర్చు సౌకర్యము చాల యంత్రములలో కలదు; దాని నుపయోగించుట మంచిది.

రైలు సంగతి వేఱుగ చెప్పవలెను. హైదరాబాదు నుండి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్సులో ఒక పగలు, ఒక రాత్రి గడచును. స్లీపరు పెట్టెలో ప్లగ్గులు కొన్నియే. వానికి పోటీ మెండు. పైగా నగ్నిప్రమాదముల భయముచే రాత్రి 11 గంటలనుండి ఉదయము 5 గంటలవఱకు ప్లగ్గులకు విద్యుత్తు నిలుపుదల చేయ రైల్వేవారు 2021లో నిర్ణయించిరి. తెల్లవాఱగనే మండీకి పోయి లెక్క చూపవలసినవాడు రాత్రి పది గంటలకే యంత్రము నింపుకొని పండుకొనవలెను, లేదా నింపవలసిన యక్కఱ లేని యంత్రము కొనియుండవలెను.

పవర్ బ్యాంకు పట్టుకొనిపోవుదు మనువారు దాని తూకమును గూడ సంచి లెక్కలో వేయవలెను. ల్యాప్‌టాపును నింపగల 20,000 మిల్లీయాంపియర్ల పవర్ బ్యాంకు నాలుగువందల గ్రాములకు తక్కువ యుండుట యరుదు. చిన్న బ్యాటరీ యంత్రము కొని నూఱు గ్రాములు మిగిల్చి, నాలుగువందల గ్రాముల పవర్ బ్యాంకును మోయుట వ్యర్థము. విమానమెక్కువారు మఱియొకటి గుర్తుంచుకొనవలెను: పవర్ బ్యాంకును క్రింద వేయు సామానులో పెట్టరాదు, చేతిసంచిలోనే యుంచవలెను, 100 వాట్‌అవర్లకు మించినదానికి విమానసంస్థ యనుమతి కావలయును. 20,000 మిల్లీయాంపియర్లను 3.7 వోల్టులచే గుణించి వేయిచే భాగించినచో 74 వాట్‌అవర్లు వచ్చును గనుక దానికి చిక్కు లేదు.

చార్జరు టైప్-సీ రంధ్రముగుండ విద్యుత్తు నిచ్చునదిగా నుండవలెను. ఒకే చార్జరు ఫోనునకును ల్యాప్‌టాపునకును పనికివచ్చును. ఇంట మఱచిపోయినచో ఏ పట్టణమునందైనను మఱియొకటి దొరకును. ఐరోపా సమాజమువారు 2026 ఏప్రిల్ 28 మొదలు తమ దేశములలో అమ్ము ల్యాప్‌టాపులకు ఈ టైప్-సీ చార్జింగునే విధించిరి. అయితే రంధ్రముండుట వేఱు, అది విద్యుత్తును గ్రహించుట వేఱు. చౌక యంత్రములలో కొన్నింటికి టైప్-సీ రంధ్రము సమాచారమును పంపుటకు మాత్రమే పనికివచ్చును. దుకాణములోనే తగిలించి చూడవలెను.

ర్యామ్ అను స్మృతిఫలకము విషయమున తేలిక యంత్రములకొక లోపము కలదు. పలుచగా చేయుటకై దానిని లోపలి పలకకే యతికివేయుదురు; తరువాత పెంచుటకు వీలుండదు. పాత యంత్రములలో నేడు ఎనిమిది గిగాబైట్లు కొని, రెండేండ్లకు సొమ్మున్నప్పుడు మఱి యెనిమిది చేర్చుట సాధ్యమయ్యెడిది. ఇప్పుడు కొనునాడే పదునాఱు గిగాబైట్లు కొనవలెను. తక్కిన లక్షణములను గూర్చి హెచ్చుగ వ్రాయ పనిలేదు: మన లెక్కలకు నేటి నడితరపు ప్రాసెసరు ఏదైనను చాలును, 512 గిగాబైట్ల నిలువ చాలును. తెర వెలుతురు 300 నిట్లు గదిలో సరిపోవును. యార్డులో పగటి వెలుతురున చూడవలసినవారు 400కు తగ్గరాదు.

ఒక్క హెచ్చరిక. 2024 మొదలు క్వాల్‌కామ్ కంపెనీవారి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసరుగల విండోస్ యంత్రములు విపణికి వచ్చినవి. అవి తేలిక, బ్యాటరీ చాలసేపు నిలుచును. ప్రయాణమునకు పుట్టినట్లే యుండును. కాని డిజిటల్ సంతకపు టోకెనులు, వ్రేలిముద్ర యంత్రములు, పాత ప్రింటర్లు పనిచేయుటకు కావలసిన డ్రైవర్లు ఆ ప్రాసెసరుకు ప్రత్యేకముగ వ్రాయబడియుండవలెను. టోకెను అమ్మినవారిని ముందుగ నడిగి, వీలైనచో దుకాణమునకు టోకెనును తీసికొనిపోయి పరీక్షింపవలెను. యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ కొనదలచినవారికిని ఇదియే మాట. 2022 నాటి ఎయిర్ 1.24 కిలోలే, అందు ఫ్యాను లేదు గనుక మిర్చి యార్డు దుమ్మును లోపలికి పీల్చుకొనదు, ఇది చిన్న గుణము కాదు. కాని మన కార్యాలయములు పంపు ఉపకరణములలో కొన్ని విండోసునకే సరిపడునట్లు చేయబడినవి.

క్రొత్త యంత్రమునకు సొమ్ము చాలని సంఘములు వాడిన యంత్రములను చూచుట తప్పు కాదు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి వదలిన ల్యాప్‌టాపులు సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల అమ్మకమునకు వచ్చుచుండును. అవి వర్తకవ్యవహారమునకై చేయబడినవి గనుక కీలు, కీబోర్డు గట్టివి, విడిభాగములు దొరకును. ఉదాహరణకు లెనోవో థింక్‌ప్యాడ్ టీ480ఎస్ అనునది 2018 నాటిది, తూకము 1.32 కిలోల నుండి మొదలగును. ర్యామ్ చేర్చుటకు ఒక ఖాళీ స్థానము గూడ కలదు. అంతకు ముందు సంవత్సరపు టీ470ఎస్ చూపునకు దానికి తోబుట్టువు. కాని ఇచ్చటనే మోసపోవుదురు. విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరము మొదలుకొనియే, కొద్ది మినహాయింపులతో, అంగీకరింపబడును. ఐ5 అను గుర్తు తరువాత వచ్చు అంకె 8 అయినచో, అనగా ఐ5-8250 వంటిదయినచో సరియే. 6 గాని 7 గాని యయినచో ఎంత చౌకయైనను సంఘపు లెక్కలను దానిలో నుంచరాదు.

వాడినదానిలో చూడవలసినవి మఱి రెండు. విండోసులో బ్యాటరీ రిపోర్టు తీయు వసతి కలదు. అందు మొదట చేసిననాటి సామర్థ్యమును, నేడు నిండు సామర్థ్యమును రెండంకెలుగా కనబడును. రెండవది మొదటిదానిలో మూడువంతులకు తగ్గినచో క్రొత్త బ్యాటరీ వెలను బేరములో తగ్గింపవలెను. రెండవ సంగతి తాళము. కొన్ని యంత్రములు పాత యజమాని కంపెనీ యధీనముననే యుండిపోవును. విండోసును చెఱిపి మరల పెట్టినప్పుడు ఆ కంపెనీ పేరు తెరపై కనబడి సంకేతపదము నడుగును. కావున అమ్మువాని యెదుటనే చెఱిపి మరల పెట్టించి, ఇంటర్నెట్టునకు కలిపి చూచి, ఆ పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. ఒక గంట పట్టును. తొందరపెట్టు వర్తకుని విడిచి ప్రక్క దుకాణమునకు పోవుట మంచిది.

క్రొత్తదానికైనను మరమ్మతు ఎవరు చేయుదురను ప్రశ్న కలదు. ఒక కిలోకు లోబడిన సొగసైన యంత్రములు వీసెడు యంత్రముల కంటె ఒకటిన్నర రెట్లు, ఒక్కొక్కప్పుడు రెండు రెట్లు వెల పలుకును. ఎల్‌జీ గ్రామ్ వంటివి పెద్ద బ్యాటరీతోనే కిలో దరిదాపున తూగునవి. వాని గొప్పతనము మేము కాదనము. అయినను ఆ చివరి మూడునాలుగు వందల గ్రాములకై సంఘము రెట్టింపు వెల నిచ్చుట మాకు సమ్మతము కాదు. ఆ మిగులుతో మూడేండ్ల హామీని, యంత్రమున్న చోటికే వచ్చి బాగుచేయు ఒప్పందమును, క్రింద పడినను బాగుచేయు రక్షణను కొనవచ్చును. కొనుటకు ముందు సంఘమున్న పిన్‌కోడును చెప్పి "ఇచ్చటికి మీ మనిషి వచ్చునా" యని కంపెనీవారిని వ్రాతమూలకముగ నడుగవలెను. దేశమంతట వత్తుమని ప్రకటించి, మండల కేంద్రము దాటి రాని కంపెనీలు కలవు.

ఇంతవఱకు తూకము, వెల. యంత్రము పోయినచో? తేలికయైనది సులువుగా మఱచిపోబడును, సులువుగా దొంగిలింపబడును. పోయిన యంత్రపు వెల సంఘము భరింపగలదు. అందున్న సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఎవరి యప్పు ఎంతయను వివరములు పరుల చేతబడుటను భరింపలేదు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చట్టము చేయబడినది. తగిన జాగ్రత్త తీసికొననివారికి 250 కోట్ల రూపాయల వఱకు జరిమానాకు అందు వీలు కలదు. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. జరిమానా మాట యటుండగా, ఊరిలో ఒక రైతు బాకీ మఱియొకరికి తెలియుట యెంత నొప్పియో మన సభ్యులకు ఎఱిగింపనక్కఱలేదు.

దీనికి మందు కలదు, ఉచితము గూడ. విండోసులో నిలువనంతటిని సంకేతభాషలోనికి మార్చు ఎన్‌క్రిప్షన్ అను సదుపాయమును తెఱచినచో, దొంగ యంత్రమును విప్పి డిస్కును తీసికొన్నను అక్షరము చదువలేడు. అయితే దానికొక తిరుగుతాళపు సంఖ్య, నలువదియెనిమిది యంకెలది, పుట్టును. అది యంత్రములో వాడిన మైక్రోసాఫ్టు ఖాతాకు చేరును. ఆ ఖాతా కార్యదర్శి సొంతదయినచో, ఆయన బదిలీయైననాడు తాళపుచెవి ఆయనతోనే పోవును. కావున సంఘము పేర ఒక ఈమెయిలు తెఱచి దానితోనే యంత్రమును ప్రారంభింపవలెను. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి ఇనుపపెట్టెలో నుంచవలెను. ప్రయాణమునకు పోవునాడు ఆ ప్రయాణమునకు కావలసిన పట్టికలనే యంత్రములో నుంచుకొనుట మఱియు మంచిది.

కొనుగోలు వేళ మూడు దుకాణముల ధరపత్రములు తెప్పించి పాలకవర్గము ముందుంచుడు. బిల్లు సంఘము పేరను, సంఘమునకు జీఎస్టీ సంఖ్య యున్నచో ఆ సంఖ్యతోను ఉండవలెను; ల్యాప్‌టాపులపై ఈ పన్ను నూటికి 18. యంత్రము వచ్చిననాడు ఎరువులు తూచు కాటా కాక, విత్తనములు తూచు చిన్న కాటాపై చార్జరుతో సహా పెట్టి తూచి, ఆ యంకెను, క్రమసంఖ్యను, హామీ ముగియు తేదీని సామాను రిజిస్టరులో వ్రాయించుడు. చార్జరును వేఱు పద్దుగా వ్రాయించుడు. ప్రయాణమునకు పోవువారు తీసికొనిన తేదీని, తిరిగి యప్పగించిన తేదీని సంతకముతో దాని యెదుటనే వేయుట కొక వరుస గీయించిన చాలును.